జపాన్ చిన్న ఊళ్ళలో తినడం: భాష రాకపోయినా, ఇంట్లో శాకాహారి ఉన్నా

అమ్మానాన్నలతో జపాన్ వస్తున్నాం, టోక్యోలోనే కాకుండా ఏదైనా చిన్న ఊళ్ళో అక్కడివాళ్ళు తినే చోట తినాలని ఉంది, కానీ భాష రాదు, నాన్నగారు మాంసం, చేపలు ముట్టరు, ఎలా అని అడిగారు. భాష గురించి టెన్షన్ పడకండి. నాన్నగారి సంగతి మాత్రం కాస్త చూసుకోవాలి.

నేను పశ్చిమ జపాన్‌లోని ఒకయామాలో ఉద్యోగం చేస్తున్నాను. సెలవు దొరికితే రైలెక్కి, సముద్రం మీది సెతో ఒహాషి వంతెన దాటి, అవతల షికోకు దీవిలో ఉన్న కగావా ప్రాంతానికి వెళ్ళి ఉడోన్ తినొస్తుంటాను. ఉడోన్ అంటే లావుపాటి నూడుల్స్. గోధుమ పిండి, ఉప్పు, నీళ్ళు, అంతకు మించి అందులో ఏమీ ఉండదు. కగావాలో వానలు తక్కువ. వేల కొద్దీ చెరువులు తవ్వుకుని బతికిన ప్రాంతం అది. అక్కడి మన్నో చెరువును 821లో కూకై అనే బౌద్ధ సన్యాసి బాగు చేయించాడు. (చెరువుల విలువ తెలంగాణ వాళ్ళకి నేను చెప్పేదేముంది!) ఆ నేలలో గోధుమ పండింది, సకాయిదె తీరంలో ఉప్పు మళ్ళు ఉండేవి, సముద్రంలో చిన్న చేపలు సరేసరి. అందుకే సందుసందుకీ ఒక ఉడోన్ షాపు.

బయటి నుంచి చూస్తే కొన్ని షాపులు రేకుల షెడ్డులా ఉంటాయి. గుమ్మానికి నోరెన్ అనే గుడ్డ తెర వేలాడుతుంటే తెరిచి ఉన్నట్టు. లోపల మెనూ కార్డూ ఉండదు, టేబుల్ దగ్గరికొచ్చి అడిగేవాళ్ళూ ఉండరు. లైన్లో నిలబడి ముందువాళ్ళు ఏం చేస్తున్నారో చూస్తే చాలు. నేను మొదట్లో వెళ్ళిన ఒక షాపులో కౌంటర్ వెనకాల పెద్దావిడ "చిన్నదా, పెద్దదా" అన్నట్టు చేత్తో చూపించి, ఉడకబెట్టి చల్లార్చిన ఒక ఉండ నూడుల్స్ గిన్నెలో వేసి ఇచ్చేసింది. తర్వాత ఏం చెయ్యాలో తెలియక నిలబడితే, పక్కనే మరుగుతున్న నీళ్ళ తొట్టి వైపు చూపించి పది వేళ్ళూ చాపింది. పిడి ఉన్న లోతైన జల్లెడలో నూడుల్స్ వేసుకుని పది సెకన్లు ముంచి, నీళ్ళు దులిపి, గిన్నెలో వేసుకోవాలన్న మాట. ఆ తర్వాత కుళాయి తిప్పి దాషి, అంటే చారు, పట్టుకుంటాం. ఉల్లికాడలు, అల్లం తురుము ఊరికే వేసుకోవచ్చు. కావాలంటే టెంపురా (పిండిలో ముంచి నూనెలో వేయించిన కూరగాయలు, చేపలు) పళ్ళెంలో పెట్టుకుని డబ్బులు కట్టడమే. చిన్న సైజు చాలా చోట్ల 300, 400 యెన్‌లకే వస్తుంది. నోట్లు, చిల్లర దగ్గర పెట్టుకోండి, కార్డులు తీసుకోని షాపులు ఇంకా ఉన్నాయి. టిప్పు ఇవ్వకండి, వెనకాలే పరిగెత్తుకొచ్చి తిరిగి ఇచ్చేస్తారు.

ఒక్క మాట మాత్రం నేర్చుకోండి: వేడిని "అత్సు" అంటారు, చల్లదనాన్ని "హియా". రెండు మాటలు కలిపి చెప్పినప్పుడు ముందు వచ్చేది నూడుల్స్‌కి, తర్వాత వచ్చేది చారుకి. "హియా-అత్సు" అంటే చల్లటి నూడుల్స్ మీద వేడి చారు. నా ఓటు దీనికే. నూడుల్స్ గట్టిదనం పోదు, చారు నోరు కాలకుండా గోరువెచ్చగా అవుతుంది. జుర్రుమని శబ్దం చేస్తూ తినండి, ఎవరూ ఏమీ అనుకోరు. అయిపోగానే గిన్నె తీసుకెళ్ళి చెప్పిన చోట పెట్టి లేవాలి. కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటే బాగోదు, వెనకాల లైన్ ఉంటుంది.

ఇక నాన్నగారు. చిక్కంతా ఆ చారులోనే. కగావాలో దాషిని ఇరికో అనే ఎండు చేపలతో కాస్తారు. "మాంసం, చేపలు తినం" అంటే సరేనని తల ఊపి అదే చారు పోస్తారు. అందులో మోసమేమీ లేదు, ముక్క కనిపించకపోతే చేప ఉన్నట్టు వాళ్ళ లెక్కలోకే రాదు. అందుకని "దాషి నాషి, షోయు దకె" అనండి: చారు వద్దు, సోయా సాస్ ఒక్కటే చాలు అని. ఉత్త సోయా సాస్ చుక్కలుగా వేసుకుని తినే ఉడోన్ అక్కడ మామూలే కాబట్టి వింతగా చూడరు. కానీ టేబుల్ మీది సీసాలో కొన్నిసార్లు దాషి కలిపిన సాస్ ఉంటుంది, ఫోన్‌లో అనువాదం పెట్టి లేబుల్ చదువుకోండి. చిలగడదుంప టెంపురా బాగుంటుంది గానీ పిండిలో గుడ్డు ఉండొచ్చు, నూనె కూడా చేపలు వేయించినదే. అంత పట్టింపు ఉన్నవాళ్ళయితే దాని జోలికి పోవద్దు. నిజం చెప్పాలంటే మూడు పూటలూ ఇలా గడవదు, బ్యాగులో పొడి, పచ్చడి ఉండాల్సిందే.

రాత్రిపూట ఇజకాయా (మందు, దాంతో పాటు తినేవి దొరికే చోటు) లాంటి చోటికి వెళ్తే, అడగకుండానే ఒక చిన్న గిన్నెలో ఏదో తెచ్చి పెడతారు. దానికి బిల్లు వేస్తారు. అది ఆనవాయితీ, గొడవ పడకండి.

కగావా వైపే వెళ్తే కొటోహిరా గుడి ఎలాగూ చూస్తారు. ప్రధాన మందిరానికి 785 మెట్లు. ముందు మెట్లెక్కి తర్వాత తిందామనుకోవద్దు. ఊరి బయట ఉండే మంచి షాపులు చాలావరకు పొద్దున తెరిచి మధ్యాహ్నం రెండింటికల్లా కట్టేస్తాయి, నూడుల్స్ అయిపోతే ఇంకా ముందే. పదకొండులోపు తినేసి, కాసేపు ఆగి, అప్పుడు ఎక్కండి.