చీటీ పాడి సర్జరీ చేయించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 34. రాజమహేంద్రవరంలో ప్రైవేటు పాఠశాలలో టీచర్‌గా పనిచేస్తున్నాను. జీతం 32 వేలు. ఇద్దరు ఆడపిల్లలు. చిన్నదానికి రెండేళ్లు, పాలు మాన్పించి ఏడాదయింది. బ్రెస్ట్ లిఫ్ట్ సర్జరీ చేయించుకోవాలని ఉంది. ఆసుపత్రివారు 1.8 లక్షలు అవుతుందన్నారు. నెలకు 10 వేల చొప్పున 20 నెలల చీటీ ఒకటి ఉంది, అయిదు నెలలు కట్టాను. దాన్ని ఇప్పుడే పాడుకుని, తగ్గిన సొమ్ముకు పెద్దమ్మాయి సుకన్య సమృద్ధి ఖాతాలో నెలకు వేసే వెయ్యి రూపాయలు రెండేళ్లు ఆపుదామనుకుంటున్నాను. ఇన్సూరెన్స్ నుంచి కొంత వస్తుందా? ఒక్కసారి ఖర్చు పెడితే జీవితాంతం ఈ దిగులు ఉండదు కదా? మూడో బిడ్డ విషయం మాత్రం ఇంకా తేల్చుకోలేదు.

జవాబు: మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన మాట ‘జీవితాంతం’. ఈ ఖర్చు అవసరమా, అనవసరమా అని తీర్పు చెప్పడం నా పని కాదు. సంపాదిస్తున్నారు, మీ శరీరం, మీ ఇష్టం. కానీ కొనే వస్తువు ఎన్నాళ్లు మన్నుతుందో తెలియకుండా దాని ధర ఎక్కువో తక్కువో చెప్పలేం. కాబట్టి ముందు మన్నిక సంగతి చూద్దాం.

ఈ సర్జరీలో సాగిన చర్మాన్ని కొంత తీసేసి, రొమ్మును, చనుమొనను పైకి జరిపి కుడతారు. అంతవరకే. పరిమాణం పెరగదు. పాలిచ్చాక పైభాగం ఖాళీ అయినట్టు అనిపించడమే మీ బాధ అయితే, లిఫ్ట్ ఒక్కటే దాన్ని పూర్తిగా తీర్చకపోవచ్చు. అప్పుడు రొమ్ము లోపల అమర్చే కృత్రిమ సంచి, అంటే ఇంప్లాంట్ ప్రస్తావన వస్తుంది, లెక్క మొత్తం మారిపోతుంది. ఇంప్లాంట్లు జీవితాంతం ఉండేవి కావు. మధ్యలో స్కానింగులు, ఏదో ఒకనాడు తీయించడమో మార్పించడమో ఉంటాయి. కొన్న రోజు ధర చూసి మురిసిపోయి, సర్వీసు ఖర్చు మరచిపోయే కారు లాంటిది అది.

మచ్చలు మిగులుతాయి. చనుమొన చుట్టూ, అక్కడినుంచి కిందికి, కొందరికి రొమ్ము కింది మడతలో కూడా. ఏడాది గడిచేసరికి చాలావరకు పాలిపోతాయి గానీ, పూర్తిగా మాయం కావు. రెండు వైపులా అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయనీ అనుకోవద్దు. వయసు, బరువులో హెచ్చుతగ్గులు, భూమ్యాకర్షణ సర్జరీ తర్వాత కూడా తమ పని తాము చేసుకుపోతాయి. అన్నిటికంటే ముఖ్యం, మళ్లీ గర్భం వస్తే చేయించుకున్నది చాలావరకు వెనక్కి పోవచ్చు. పాలివ్వడంలోనూ ఇబ్బంది రావచ్చు. మూడో బిడ్డ విషయం తేలకుండా ఈ డబ్బు పెట్టడమంటే, గోడలు కూలుస్తామో లేదో నిర్ణయించుకోకముందే రంగులు వేయించడం.

ఇక డబ్బు. ఇన్సూరెన్స్ మీద ఆశ వదిలేయండి. అందం కోసం చేయించుకునే సర్జరీ, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక మినహాయింపుల్లో, అంటే పాలసీ డబ్బు ఇవ్వని ఖర్చుల జాబితాలో ఉంది. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణం వంటివాటికే ఆ జాబితా వర్తించదు. మామూలు వైద్యానికి జీఎస్టీ లేదు, దీనికి మాత్రం 18 శాతం ఉంది. ఆ 1.8 లక్షల్లో పన్ను కలిసి ఉందా అని అడిగారా? కలవకపోతే మరో 32,400 చేరి 2,12,400 అవుతుంది. పరీక్షలు, మందులు, వారాల తరబడి వేసుకోవాల్సిన ప్రత్యేక లోదుస్తులు, ఫలితం కుదరకపోతే సరిదిద్దే సర్జరీ ఎవరి ఖర్చో, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి.

మీరు రాయని ఖర్చు ఇంకోటి ఉంది. కొన్ని వారాలు బరువులెత్తకూడదు, చేయి భుజం పైకి లేపకూడదు. బోర్డు మీద రాయాలంటే ముందు లేచేది ఆ చేయే. రెండేళ్ల పాప ఎత్తుకోమని చేతులు చాచితే ఏం చేస్తారు? ఇంట్లో సాయానికి మనిషి, జీతం రాని సెలవు, రెండూ లెక్కలో వేసుకోండి. వేసవి సెలవుల్లో పెట్టుకుంటే సెలవు మిగులుతుంది. మే నెల గోదావరి ఎండల్లో బిగుతు కట్లతో ఉండడం ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు.

చీటీని ఇప్పుడు పాడవద్దు. ఆరో నెలలో డబ్బు కావాల్సినవాళ్లు చాలామంది ఉంటారు, పాట పైకి పోతుంది. 50 వేలు వదులుకుని పాడితే చేతికి 1.5 లక్షలే. అదీ సర్జరీకి చాలదు, పైగా మరో 14 నెలలు వాయిదాలు కట్టాలి. జామీను సంతకాలకు తోటి టీచర్లను అడగాలి, దేనికని వాళ్లు అడుగుతారు. చివరిదాకా ఆగితే, చీటీ చట్టం ప్రకారం నిర్వాహకుడి కమీషన్ 7 శాతం మించకూడదు కాబట్టి సుమారు 1.86 లక్షలు వస్తుంది. ఈలోగా ప్రతి నెలా డివిడెండ్, అంటే పాడినవాళ్లు వదులుకున్న సొమ్ములో మీ వాటా, తగ్గించి కడతారు. అలా మిగిలినదాన్ని పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఆ చీటీ చిట్స్ రిజిస్ట్రార్ వద్ద నమోదైందో లేదో ఈ వారమే చూడండి.

సుకన్య జోలికి పోవద్దు. రెండేళ్లు ఆపితే మిగిలేది 24 వేలు, అదీ రెండేళ్లకు.

‘వడ్డీ లేని ఈఎంఐ’ అని ఆసుపత్రి చెబితే అప్పు వివరాలన్నీ ఉండే పత్రం, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇమ్మనండి. అందులో ప్రాసెసింగ్ రుసుముతో కలిపి అసలు వార్షిక రేటు ఉండాలి. పర్సనల్ లోన్ అయితే, 2 లక్షలకు 14 శాతం చొప్పున మూడేళ్లకు నెలకు సుమారు 6,835 కట్టాలి, వడ్డీయే 46 వేలు. జీతంలో అయిదో వంతు పైమాటే.

పదిహేను నెలలు దూరం అనిపిస్తుంది, తెలుసు. ఈలోగా ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ డిగ్రీ చేసిన ఇద్దరు సర్జన్లను విడివిడిగా కలవండి. వాళ్లు చేసిన కేసుల్లో ఏడాది దాటిన తర్వాత తీసిన ఫొటోలు చూపించమనండి, నెల నాటివి వద్దు. ‘నా శరీరానికి ఏది సాధ్యం కాదు?’ అని అడగండి. ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పేవారికి కన్సల్టేషన్ రుసుము ఇవ్వడానికి నేను వెనకాడను. అన్నీ సాధ్యమేనన్నవారికి అడ్వాన్సు ఇవ్వకండి.

మూడో బిడ్డ గురించి మీ ఇద్దరూ ఒక మాటకు వచ్చాక మళ్లీ రాయండి. వద్దనుకుంటే చీటీ చివరి నెల నాటికి సర్జరీ తేదీ చూద్దాం. కావాలనుకుంటే అదే డబ్బుకు ముందు ప్రసవం ఖర్చు లెక్క వేద్దాం.