నాలుక చేప వయస్సు: రెండు చెవిరాళ్ల లెక్క కలవనప్పుడు

గోపాల్‌పూర్ రేవులో కొన్న నాలుక చేపల్లో, ఒకే చేపకు ఎడమ చెవిరాతిలో (చేప చెవి లోపల ఉండే చిన్న సున్నపు రాయి; దాని వలయాలను లెక్కించి వయస్సు చెబుతారు) రెండు వలయాలు, కుడి రాతిలో మూడు కనిపించాయని, దేన్ని నమ్మాలని మీరు అడిగారు. కళ్లు రెండూ ఒకే వైపుకు చేరే ఈ జాతుల్లో రాళ్లు రెండూ ఒకే ఆకారంలో పెరగవు. అందువల్ల కేంద్రం స్పష్టంగా కనిపించే వైపును ఎంచుకొని, చివరిదాకా ఆ వైపు రాతినే చదవండి.

పైనుంచి చూసి లెక్కించడం పెద్ద చేపలకు సరిపోదు, ఎందుకంటే వయస్సు పైబడ్డాక రాయి వెడల్పుకన్నా మందంలోనే ఎక్కువగా పెరుగుతుంది. రాయిని కేంద్రం మీదుగా విరిచి, విరిగిన ముఖాన్ని స్పిరిట్ దీపంపై గోధుమరంగు వచ్చేదాకా కాల్చి, నూనె చుక్క వేసి చూస్తే, మసకబారిన సన్నని వలయాలు కూడా ముదురు గీతలుగా తేలతాయి. చేపలను ఫార్మలిన్‌లో ఉంచానన్నారు. దయచేసి మానండి, అది రాతిని కరిగిస్తుంది.

అసలు చిక్కు వేరే ఉంది. మన వెచ్చని నీటిలో వలయం ఏడాదికి ఒకటే పడుతుందని ముందే అనుకోకూడదు. గుడ్లు పెట్టే కాలం కూడా గీత వేయవచ్చు. పన్నెండు నెలలూ నమూనాలు తీసి, రాతి అంచు ఏ నెలలో మారుతుందో చూడాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి, ఆ రెండు నెలలకు ఇంజను లేని తెప్పల వాళ్లను ముందే అడిగి పెట్టుకోండి. అంచు మార్పు ఏడాదికొకసారేనని తేలాకే వయస్సుతోపాటు చేప పొడవు ఎలా పెరుగుతుందో చెప్పే వాన్ బెర్టలాన్‌ఫీ సమీకరణం వేయండి, అదీ ఆడ, మగ చేపలకు విడివిడిగా.