కంప్లైంట్ పుస్తకం తీసేస్తున్నావంట

తిరుపతి

పాపా,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి, ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ కంప్లైంట్లన్నీ ఇకమీద పుస్తకంలో కాకుండా ఫోన్‌లోనే వచ్చేట్టు నువ్వు ఏర్పాటు చేస్తున్నావని, మేనేజరు కూడా ఒప్పుకున్నాడని ఒకటే మురిసిపోయింది. నాకూ సంతోషమే. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. కంప్లైంట్ నింపడానికి గూగుల్ ఫారం, దాని వెనక జవాబులను చదివి ముందుకు పంపే చిన్న ప్రోగ్రాం, అంటే స్క్రిప్టు, అక్కడినుంచి ఒక్కో పనికి ఒక్కో కార్డు పడే ట్రెల్లో బోర్డు: దారి మంచిదే. కానీ జూన్, జులై వచ్చాయంటే చిత్తూరు చుట్టూ పల్ప్ ఫ్యాక్టరీలు రాత్రీ పగలూ నడుస్తాయి. గేటు బయట లారీలో ఉన్న తోతాపురి మామిడి ఎవరికోసమూ ఆగదు, మాగిపోతుంది. ఆ రోజుల్లో ఒక్క కంప్లైంట్ దారిలో మాయమైతే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే రాస్తున్నా.

నీకు తెలిసినవి ముందు గబగబా చెప్పేస్తా. ప్రశ్నలు ఆరుకు మించొద్దు. మెషీన్ పేరు టైపు చేయించొద్దు, జాబితాలోంచి ఎంచుకునే డ్రాప్‌డౌన్ పెట్టు. చేత్తో రాయమంటే ఒకే స్టెరిలైజర్‌కు పది స్పెల్లింగులు వస్తాయి. ట్రెల్లోలో బోర్డు మెనూలో ఇమెయిల్ టు బోర్డ్ ఉంటుంది, ఆ చిరునామాకు మెయిల్ పోతే కార్డు పుడుతుంది. సబ్జెక్టు కార్డు పేరవుతుంది, సబ్జెక్టులో హ్యాష్ గుర్తు పెట్టి లేబుల్ పేరు రాస్తే లేబుల్ పడుతుంది, అట్ గుర్తు పెట్టి యూజర్‌నేమ్ రాస్తే ఆ మనిషి కార్డులో చేరతాడు. ఏ లిస్టులో పడాలో కూడా అక్కడే ఎంచుకోవచ్చు.

'ఎంత అర్జెంటు?' అని మాత్రం అడగొద్దు. అడిగితే అందరిదీ అర్జెంటే. 'లైన్ ఆగిపోయిందా? నడుస్తోంది గానీ ఆగేలా ఉందా? వచ్చే షట్‌డౌన్ దాకా ఆగొచ్చా?' అని అడుగు. మూడిట్లో ఒకటి నొక్కుతారు, అర్జెంటు ఎంతో స్క్రిప్టు తేలుస్తుంది. బాయిలర్, అమ్మోనియా కంప్రెసర్ విషయాలు మాత్రం ఏ జవాబు వచ్చినా అర్జెంటుగానే పోవాలి.

ఫొటో అడగాలనుకుంటున్నావేమో. గూగుల్ ఫారంలో ఫైల్ అప్‌లోడ్ ప్రశ్న ఒక్కటి పెట్టినా, నింపేవాళ్ళు గూగుల్ అకౌంటుతో సైన్ ఇన్ కావాల్సిందే. రాత్రి షిఫ్టులో నలుగురూ వాడే ఒక్క ఫోన్‌లో ఎవరి అకౌంటు ఉంటుంది? ఫొటో కోసం ఫారమే తెరుచుకోకపోతే, ఫిట్టర్ నోటిమాటగా చెప్పి వెళ్ళిపోతాడు. వద్దులే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. ఇది నా పర్యవేక్షణలో జరిగిన తప్పే. కథంతా చెప్పను, దారం ఎక్కడ తెగిందో అదొక్కటే చెప్తా.

ఫారంలో 'మెషీన్ నేమ్' అని ఇంగ్లీషులో ఒక ప్రశ్న ఉండేది. ఫిట్టర్లకు తేలిగ్గా ఉంటుందని దాన్ని 'ఏ మెషీన్ చెడింది?' అని తెలుగులోకి మార్చారు. మంచి ఉద్దేశమే. ఫారం జవాబులు పడే గూగుల్ షీటుకు తగిలించిన స్క్రిప్టు మాత్రం జవాబులను ప్రశ్న పేరుతోనే వెతుకుతుంది. పాత పేరుతో వెతికింది, దొరకలేదు. దొరకకపోతే స్క్రిప్టు ఆగిపోకూడదని ముందుజాగ్రత్తగా ఒక వరస రాసిపెట్టాం: మెషీన్ తెలియకపోతే 'ఇతరములు' లిస్టులో వెయ్యి అని. అది చెప్పినట్టే చేసింది. స్క్రిప్టు తప్పని ఎక్కడా చూపలేదు, కాబట్టి ఫెయిల్యూర్ మెయిల్ కూడా రాలేదు. 'ఇతరములు' లిస్టును చూడాల్సిన మనిషంటూ ఎవరూ లేరు. ఫిట్టర్‌కు మాత్రం 'మీ కంప్లైంట్ అందింది' అని ఠంచనుగా మెయిల్ పోయింది. అందిందని చెప్పాక వాడు మళ్ళీ ఎందుకు అడుగుతాడు? మెయింటెనెన్స్ వాళ్ళేమో కంప్లైంట్లు తగ్గాయని సంతోషపడ్డారు. కోల్డ్ రూమ్ కంప్రెసర్‌లో శబ్దం వస్తోందన్న కంప్లైంట్ అట్లా నాలుగు రోజులు పడి ఉంది. అయిదో రోజు అది కంప్లైంట్ కాదు, బ్రేక్‌డౌన్.

ఎక్కడా ఏదీ విరగలేదు చూడు. ఫారం పనిచేసింది, స్క్రిప్టు పనిచేసింది, మెయిల్ పోయింది. అందుకే నాకు భయం. ఎర్రగా తప్పు చూపిస్తే అరగంటలో సరిచేస్తాం.

నీకొక అలవాటు ఉంది. తిడుతున్నానని అనుకోకు. చిన్నప్పుడు అవ్వ వంటింట్లో డబ్బాల మీద చీటీలన్నీ తీసి అందంగా రాసి మళ్ళీ అతికించావు. నెలరోజులు కందిపప్పు డబ్బాలో చెయ్యి పెడితే ఉద్దిపప్పు వచ్చేది. అవ్వ నిన్ను ఒక్క మాట కూడా అనలేదు, తనే వాసన చూసి తీసుకునేది. స్క్రిప్టుకు ఆ ఓపిక ఉండదు తల్లీ. సీజన్ మొదలయ్యాక ఏ ప్రశ్న పేరూ, ఏ ఆప్షన్ పేరూ ముట్టుకోవద్దు. మార్చక తప్పకపోతే స్క్రిప్టు పక్కన తెరిచి పెట్టుకుని, రెండూ ఒకేసారి మార్చు.

ఇంకా మంచిది, పేర్ల మీద ఆధారపడటమే మానెయ్యి. స్క్రిప్టును షీటుకు కాకుండా ఫారానికే తగిలించు. అప్పుడు ప్రతి జవాబు వెంటా ప్రశ్న ఐడీ, అంటే దాని గుర్తు నంబరు, వస్తుంది, పేరు మార్చినా ఐడీ మారదు. మూడో జవాబు, నాలుగో జవాబు అని వరస లెక్కపెట్టి మాత్రం తీయొద్దు. డ్రాప్‌డౌన్ లాంటి ప్రశ్నను ఖాళీగా వదిలేస్తే అది స్క్రిప్టుకు వచ్చే జవాబుల జాబితాలోనే ఉండదు, వెనకవన్నీ ముందుకు జరుగుతాయి. మెషీన్ల ఆప్షన్లకు ముందు కోడ్, తర్వాత పేరు పెట్టు: '07 పల్పర్', '12 కోల్డ్ రూమ్' అట్లా. స్క్రిప్టు ఆ రెండంకెలే చూడాలి.

ప్రతి మెషీన్ మీదా క్యూఆర్ కోడ్ అతికిస్తావంట, భేష్. ఫారం మూడు చుక్కల మెనూలో ముందే నింపిన లింకు తీసుకునే వీలుంది. ఒక్కో మెషీన్‌కు ఒక్కో లింకు చేస్తే మెషీన్ పేరు దానంతటదే పడుతుంది. అయితే ఆ లింకులో ఆప్షన్ మొత్తం అక్షరాలా ఉంటుంది. ఆప్షన్‌లో ఒక్క అక్షరం మారినా, చివర ఒక ఖాళీ చేరినా ఆ గడి ఖాళీగానే తెరుచుకుంటుంది. మళ్ళీ అదే జబ్బు. స్టిక్కర్లు ప్రింటుకు ఇచ్చేముందు పేర్లు ఖాయం చేసుకో. లామినేషన్ చేయించు, పల్ప్ హాలులో రోజూ నీళ్ళు కొడతారు గదా.

మెషీన్ తెలియని కంప్లైంట్ ఎవరూ చూడని లిస్టులోకి పోకూడదు, మనిషి దగ్గరికే పోవాలి. షిఫ్ట్ ఇన్‌ఛార్జి పేరు మీద కార్డు పడాలి. 'అందింది' మెయిల్‌లో కంప్లైంట్ నంబరు, ఎవరికి అప్పగించారు, గంటలో ఎవరూ రాకపోతే ఏ ఇంటర్‌కామ్‌కు చెయ్యాలి, ఈ మూడూ ఉండాలి. నంబరు ఇచ్చే చోట లాక్ సర్వీస్ వాడు, ఒకరి పని అయ్యేదాకా అది రెండోవాళ్ళను ఆపుతుంది. అది లేకుండా ఇద్దరు ఒకే క్షణంలో పంపితే ఒకే నంబరు ఇద్దరికీ పోగలదు.

పంపిన ప్రతి కంప్లైంట్ ఐడీనీ స్క్రిప్టు వేరే ట్యాబ్‌లో రాసిపెట్టాలి. పదిహేను నిమిషాలకొకసారి స్క్రిప్టును దానంతటదే నడిపించే ట్రిగ్గర్ ఇంకోటి పెట్టి, ఫారంలో ఉండి ఆ ట్యాబ్‌లో లేనివి ఉంటే మళ్ళీ పంపించు. అయితే మెయిల్ పోయినంత మాత్రాన కార్డు పుట్టిందని కాదు. కాబట్టి ప్రతి షిఫ్టు మొదట్లో ఇన్‌ఛార్జి '00 పరీక్ష' అని ఒక కంప్లైంట్ తనే పంపి, బోర్డులో కార్డు వచ్చిందా లేదా చూడాలి. రెండు నిమిషాల పని. ఇది మాత్రం ఎవరు నవ్వినా మానొద్దు.

ఇంకో లెక్క. మామూలు జీమెయిల్ అకౌంటు నుంచి స్క్రిప్టు రోజుకు 100 మందికే మెయిల్ పంపగలదు. కంప్లైంట్‌కు బోర్డుకొకటి, ఫిట్టర్‌కొకటి అంటే 50 కంప్లైంట్లకే ఆగిపోతుంది. మామూలు రోజుల్లో చాలు. సీజన్‌లో మూడు షిఫ్టులకు చాలదు. కంపెనీ డబ్బు కట్టి వాడే గూగుల్ వర్క్‌స్పేస్ అకౌంటైతే 1,500 దాకా పోతుంది. అదే అడుగు.

అది కూడా నీ సొంత పేరు మీద కాదు, మెయింటెనెన్స్ పేరు మీద ఉండే అకౌంటు. ట్రిగ్గర్ ఎవరు పెడితే వాళ్ళ అకౌంటు మీదే నడుస్తుంది, ఫెయిలైన మెయిళ్ళూ వాళ్ళకే పోతాయి. ట్రెల్లో బోర్డు మెయిల్ చిరునామా కూడా ఒక్కో సభ్యుడికి ఒక్కోటి. రేపు నీకు బెంగుళూరులో ఉద్యోగం వచ్చి, ఇక్కడ నీ అకౌంటు మూసేస్తే, ఆ రోజే కంప్లైంట్లు ఆగిపోతాయి. నువ్వు పోకూడదని కాదు. పోయేరోజు నిశ్చింతగా పోవాలి. ఫెయిల్యూర్ మెయిల్ 'వెంటనే' వచ్చేట్టు పెట్టు, రోజుకొకసారి అని పెడితే తెల్లారాక తెలుస్తుంది. స్క్రిప్టు ప్రాజెక్టు సెట్టింగుల్లో టైమ్ జోన్ కోల్‌కతా ఉందో లేదో కూడా చూడు, లేకపోతే రాత్రి షిఫ్టు కంప్లైంట్ ముందురోజు తారీఖుతో కనిపిస్తుంది.

పుస్తకం తీసేస్తానన్నావంట. ఈ ఒక్క సీజన్ ఉండనీ. కంట్రోల్ రూమ్ బల్ల మీదే, పెన్ను దారంతో కట్టి. నెట్ పోయిన రాత్రి అందులో రాస్తారు, పొద్దున ఇన్‌ఛార్జి వాటిని ఫారంలోకి ఎక్కిస్తాడు. ఆదివారం వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తీసుకురా, ఫారం లింకు నాకు ముందే పంపు. ఖాళీగా వదిలేవి వదిలేసి, తప్పుగా నింపేవి నింపి పెడతాను, నీ స్క్రిప్టు ఏం చేస్తుందో ఇద్దరం చూద్దాం.

మీ మామ