విగ్గు కొనేముందు దాన్ని తిరగేసి లోపలి వైపు చూడండి

ప్రశ్న: "అలొపీషియాతో జుట్టంతా పోయింది. వైజాగ్‌లో ఉద్యోగం. రోజంతా పెట్టుకున్నా ఇబ్బంది లేని మంచి విగ్గు ఎలా ఎంచుకోవాలి? ఒరిజినల్ హెయిర్ తీసుకోవాలా, సింథటిక్ తీసుకోవాలా?"

నాకూ జుట్టు లేదు. పేనుకొరుకుడుతో (దాన్నే డాక్టర్లు అలొపీషియా ఏరియేటా అంటారు) రూపాయి బిళ్లంత మచ్చగా మొదలై తలంతా పాకింది, తర్వాత కనుబొమ్మలూ పోయాయి. నేను టీచర్‌ని. ఏసీ లేని క్లాసులో, నెత్తిన గరగరమని తిరిగే ఫ్యాను కింద, సాయంత్రం దాకా నిలబడి పాఠాలు చెప్పే ఉద్యోగం. కాబట్టి నేను చెప్పేది ఫొటోలో అందంగా కనబడే విగ్గు గురించి కాదు, వైజాగ్ మే నెల ఉక్కపోతలో తల మీద నిలిచే విగ్గు గురించి.

ఒరిజినలా సింథటికా అన్నది రెండో ప్రశ్న. మొదట అడగాల్సింది బేస్ గురించి. వెంట్రుకలను కుట్టిన లోపలి టోపీని బేస్ అంటారు. రోజంతా మీ చర్మానికి ఆనుకుని ఉండేది అదే. వెంట్రుకలు చూసేవాళ్ల కోసం, బేస్ మీ కోసం. షాపులవాళ్లు వెంట్రుకలే చూపిస్తారు, మనమూ వాటినే తడిమి చూసి డబ్బులిచ్చి వచ్చేస్తాం. జుట్టు పలచబడినవాళ్లు ఎలాగో సర్దుకుంటారు, కింద కాస్తయినా సొంత జుట్టు అడ్డం ఉంటుంది కాబట్టి. మనలాగా నున్నటి తల ఉన్నవాళ్లకు మధ్యలో ఏ అడ్డూ లేదు. ప్రతి కుట్టూ, ప్రతి ఎలాస్టిక్కూ నేరుగా చర్మానికే తగులుతుంది.

నేను విగ్గు కోసం తిరిగినప్పుడు మా వదిన తోడు వచ్చింది. అసలు ఆడవాళ్ల విగ్గుల షాపులే మన ఊళ్లో తక్కువ. బోర్డుల మీద "హెయిర్ ఫిక్సింగ్" అని ఉన్నవి చాలావరకు మగవాళ్ల ప్యాచ్‌ల కోసమే. లోపలికి వెళ్తే "మేడమ్, సార్ కోసమా?" అని అడుగుతారు. చివరికి ఒక పెద్ద షాపు దొరికింది, మేడ మీద, మంచి ఏసీ. నడుం దాకా జారే జుట్టున్న విగ్గు బొమ్మ తల మీద పెట్టి ఉంది. "తిరుపతి హెయిర్ మేడమ్, హండ్రెడ్ పర్సెంట్" అన్నాడు కుర్రాడు. వదినకు కళ్లు చెదిరాయి. నేను దాన్ని తీసి కౌంటర్ మీద బోర్లించి, లోపలి వైపు పైకి తిప్పాను. నల్లటి ఎలాస్టిక్ పట్టీలు, వాటి మీద మెషీన్‌తో బిగించిన వరసలు. నడినెత్తి దగ్గర ముట్టుకుంటే గరుకుగా ఉన్న మందపాటి నెట్టు ఒకటి. ముందు అంచున గాలి చొరబడని ప్లాస్టిక్ లాంటి పట్టీ. చెవుల పక్కన గట్టి రేకు ముక్కలు కుట్టి ఉన్నాయి, వాటి చివర్లు బట్టలోంచి పొడుచుకొస్తున్నాయి.

అయినా పెట్టుకున్నాను. ఏసీలో, అద్దం ముందు, పసుపు రంగు లైట్ల కింద బ్రహ్మాండంగా ఉంది. అక్కడ ఏ విగ్గయినా అలాగే ఉంటుంది. "ఓసారి దీనితో కిందికి వెళ్లి పది నిమిషాలు నడిచి వస్తాను" అన్నాను. కుర్రాడు కంగారుపడ్డాడు. "బయటికా మేడమ్? బయటికి ఇవ్వమండీ." మా వదిన తన హ్యాండ్‌బ్యాగు, సెల్‌ఫోను తీసి కౌంటర్ మీద పెట్టేసి, "ఇదిగో బాబూ, నేనిక్కడే కూర్చుంటాను. మా ఆడపడుచు పారిపోదు" అంది. ఓనరు లోపలినుంచి చూసి సరేనన్నాడు.

మిట్టమధ్యాహ్నం. సముద్రం అంత దగ్గరున్నా సందుల్లోకి గాలి రాదు, తేమ మాత్రం వస్తుంది. సందు చివరి దాకా వెళ్లేసరికి ముందు పట్టీ కింద చెమట చేరింది. జుట్టూ కనుబొమ్మలూ లేనివాళ్లకు నుదుటి చెమట ఆగకుండా నేరుగా కళ్లలోకి దిగుతుంది, ఇది మీకూ అనుభవమే అయి ఉంటుంది. చెవి పైన రేకు గుచ్చుకోవడం మొదలైంది. నడినెత్తిన నెట్టు దురద. పక్కనుంచి సిటీ బస్సు వెళ్తే ఆ గాలికి వెనక భాగం పైకి లేచింది. ఒక చేత్తో పట్టుకుని వెనక్కి వచ్చేశాను. ధర అడగకుండానే తిరిగి ఇచ్చేశాను. "ఏసీలో ఉండేవాళ్లకి బాగుంటుంది మేడమ్" అన్నాడు కుర్రాడు. ఏసీలో ఉండేవాళ్లకే విగ్గు కావాలని ఎవరు చెప్పారు? బస్సులెక్కేవాళ్లకూ, గ్యాసు పొయ్యి ముందు నిలబడేవాళ్లకూ అక్కర్లేదా?

తర్వాత పౌరాణిక నాటకాలకు కిరీటాలు, గడ్డాలు, విగ్గులు చేసి అద్దెకిచ్చే ఒక పెద్దాయన గురించి తెలిసినవాళ్లు చెప్పారు. చిన్న గది, గోడ నిండా గదలు, కిరీటాలు. ఆయన ముందు జుట్టు చూపించలేదు. వెంట్రుకలు ఇంకా కట్టని ఉత్త లేస్ బేస్ (లేస్ అంటే పల్చటి నెట్టు) ఒకటి ట్యూబ్‌లైట్‌కి అడ్డంగా పట్టుకుని, వెనక తన వేళ్లు ఆడించి, "కనబడుతున్నాయా తల్లీ? వెలుతురు వస్తే గాలీ వస్తుంది" అన్నారు. సన్నటి కొక్కెం సూదితో ఒక్కొక్క కన్నంలోంచి వెంట్రుక లాగి ముడి వేసి చూపించారు. అలా చేత్తో కట్టిన విగ్గులో పట్టీలు, వరసలు ఉండవు. బరువు తక్కువ. ఏ వైపు దువ్వితే ఆ వైపు పడుతుంది. పాపిడి తీస్తే కింద చర్మం రంగు కనబడుతుంది. నా తల మీద పల్చటి ప్లాస్టిక్ కవరు బిగించి, దాని మీద సెల్లో టేపు చుట్టి, పెన్నుతో జుట్టు అంచు గీసి అచ్చు తీసుకున్నారు. కనుబొమ్మలు లేకపోతే అంచు ఎక్కడని గీయాలి? నుదురు చిట్లించమన్నారు. అన్నిటికంటే పైన పడే ముడత ఎక్కడ ఆగుతుందో జుట్టు అక్కడ మొదలవ్వాలి. విగ్గు అని ఇట్టే తెలిసిపోయేది ఎక్కువగా అది కిందికి, నుదుటి మీదికి దిగిపోవడం వల్లే.

కాబట్టి షాపుకి వెళ్తే లైటుకి పట్టి చూడండి. లేస్, మోనో రెండూ గాలాడే నెట్లే. లేస్ ఇంకా పల్చన, త్వరగా చిరుగుతుంది. మోనో కాస్త మందం, ఎక్కువకాలం మన్నుతుంది. పాలీ అని చర్మంలా ఉండేది అమ్ముతారు. అది గట్టిగా ఉంటుంది, కడగడం తేలిక, కానీ గాలి ఆడదు. నన్నడిగితే తలంతా పాలీ ఉన్న విగ్గు మన ఊరి వాతావరణానికి పనికిరాదు. డబ్బు సరిపోకపోతే ముందు అంచు లేస్, నడినెత్తి మోనో ఉండి, వెనకంతా మెషీన్ వరసలున్నది తీసుకోండి. కొలత మాత్రం రాజీ పడొద్దు. టేపుతో నుదుటి అంచు, చెవుల వెనక, మెడ కింద గుంట మీదుగా చుట్టూ కొలిపించండి. ఆడవాళ్లకు సాధారణంగా ఇరవై ఒకటిన్నర, ఇరవై రెండున్నర అంగుళాల మధ్య వస్తుంది. జుట్టున్నప్పటి కొలత కంటే నున్నటి తల కొలత తక్కువ ఉంటుంది, అది గుర్తుంచుకోండి. క్లిప్పులున్న విగ్గు మనకు దండగ, పట్టుకోవడానికి జుట్టే లేదు. విగ్గు జారకుండా కింద తలకు చుట్టుకునే వెల్వెట్ గ్రిప్ బ్యాండ్ చాలు. గమ్ము, టేపు చెమటకు ఊడతాయి, చర్మం కందిపోతుంది. లోపల పల్చటి కాటన్ టోపీ వేసుకుని, మధ్యాహ్నం భోజనం వేళ ఇంకొకటి మార్చుకుంటే సగం బాధ తగ్గుతుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. సింథటిక్ తేలికగా ఉంటుంది, ధర తక్కువ, కడిగినా అదే షేపులోకి వస్తుంది. కానీ వేడి తగిలితే చివర్లు ముడుచుకుపోతాయి. అది మామూలు ఇస్త్రీ పెట్టె వేడే కానక్కర్లేదు. పోపు వేస్తూ వంగినా, ఇడ్లీ కుక్కర్ మూత తీసినా ఆవిరి చాలు. వంట చేసేవాళ్లు రోజూ పెట్టుకుంటే నాలుగైదు నెలలకు మెడ దగ్గర పీచులా అయిపోతుంది. కీమో మొదలవబోతున్నవాళ్లకు మాత్రం నేను సింథటిక్కే చెబుతాను. చికిత్స అయ్యాక చాలామందికి కొన్ని నెలల్లో జుట్టు తిరిగి వస్తుంది, అంత డబ్బు అక్కర్లేదు. అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్తున్న మా బంధువుల అమ్మాయికి జుట్టు ఊడకముందే కొనిపించాను. కీమో మొదలైన రెండు మూడు వారాలకే ఊడడం మొదలవుతుంది కాబట్టి, అసలు జుట్టు ఉన్నప్పుడే రంగు, పాపిడి సరిచూసుకుంటే హాయి.

మనలా ఏళ్ల తరబడి కావాలంటే మనిషి జుట్టే మేలు. "తిరుపతి హెయిర్" అన్న మాట మాత్రం నమ్మకండి, అందరూ అదే చెబుతారు. తిరుమల తలనీలాలను టీటీడీ ఈ-వేలంలో అమ్ముతుందన్నది నిజమే. మంచి విగ్గుకు అలాంటి జుట్టే కావాలి, ఎందుకంటే ఒకేసారి తీసిన జుట్టు కాబట్టి కుదుళ్లన్నీ ఒకవైపే ఉంటాయి. వీధుల్లో స్టీలు సామాను ఇచ్చి కొనే చిక్కుజుట్టు అలా కాదు, తలా తోకా కలిసిపోయి ఉంటుంది. దాన్ని యాసిడ్‌లో ముంచి పై పొర తీసేసి, సిలికాన్ పూసి మెరిపిస్తారు. కాస్త కడుగుళ్లు పడ్డాక ఆ పూత పోయి జుట్టంతా ఉండలు కడుతుంది. ఒక పాయ తీసుకుని చివరి నుంచి కుదురు వైపు వేళ్లు జరపండి. కొద్దిగా పట్టుకున్నట్టు ఉంటే మంచిది. రెండు వైపులా పట్టులా జారిపోతే అనుమానించండి. సింథటిక్ కలిపారనిపిస్తే రెండు వెంట్రుకలు అడిగి అగ్గిపుల్లతో కాల్చండి. మనిషి జుట్టయితే కమురు వాసన వచ్చి బూడిదవుతుంది, ప్లాస్టిక్ అయితే కరిగి గట్టి పూస అవుతుంది.

రంగు గుమ్మంలోకొచ్చి పగటి వెలుతురులో చూసుకోండి. కారునలుపు వద్దు, న్యాచురల్ బ్లాక్ అడగండి. ఒత్తు ఎక్కువున్నది చూపిస్తే మొహమాటం లేకుండా వద్దనండి. ఆ ఒత్తునే షాపువాళ్లు డెన్సిటీ అని శాతాల్లో చెబుతారు, నూటఇరవై, నూటముప్పై శాతం చాలు. పొడుగు కూడా భుజాల దాకా చాలు. నడుం దాకా ఉన్నది సాయంత్రానికి బేస్‌ని వెనక్కి లాగేస్తుంది, మెడ నొప్పి వస్తుంది. "ఆడపిల్లకు జడ లేకపోతే ఎలా" అనే పెద్దవాళ్ల కోసం మెడనొప్పి కొనుక్కోకండి. ఇక్కడ నాకు నిజంగా కోపం వస్తుంది. నాకు జుట్టు పోయినప్పుడు గురివింద గింజ అరగదీసి రాయమని ఒకరు, ఉల్లిపాయ రసమని ఒకరు, ఎవరి దిష్టో తగిలిందని ఒకరు. గురివింద గింజ విషం. అది రాసుకుని మాడు పుండ్లు పడ్డవాళ్లను చూశాను. మన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున వెంట్రుక కుదుళ్ల మీద దాడి చేసే జబ్బు ఇది. పేలు కొరికితే వచ్చేది కాదు, ఏ నూనెతోనూ పోదు. తీవ్రంగా ఉన్నవాళ్లకు బారిసిటినిబ్ అనే మాత్రను 2022లో అమెరికాలో అనుమతించారు. అది మీకు సరిపడుతుందో లేదో స్కిన్ డాక్టరు చెప్పాలి, యూట్యూబ్ కాదు.

జడ వేసుకోవాలని మీకే ఇష్టమైతే ఒక సంగతి. విగ్గులు ఎక్కువగా జుట్టు వదిలేసుకునేవాళ్ల కోసం చేస్తారు. పైకి లాగి జడ వేస్తే మెడ దగ్గర వరసలు బయటపడతాయి. మెడ చుట్టూ చేత్తో కట్టినది అడగండి, లేదా వదులుగా కిందికి అల్లుకోండి. పిన్నులు లేస్‌లో గుచ్చకండి, చిరుగుతుంది. నేను మల్లెపూలు చిన్న క్లచ్‌కి కట్టి జడ పాయకే పెట్టుకుంటాను. పాపిట్లో కుంకుమ పెడితే బేస్ ఎర్రబడి ఇక పోదు. అంచుకి ఒక వేలెడు కింద నుదుటి మీదే పెట్టుకుంటాను, ఎవరికీ తేడా తెలియదు. స్కూటీ మీద వెళ్తే హెల్మెట్ తీసేటప్పుడు ముందు అంచు ఒక చేత్తో నొక్కి పట్టుకోండి.

కడగడం గురించి మాటల్లో చెబుతారు గానీ మన నీళ్ల సంగతి ఎవరూ చెప్పరు. తీరం దగ్గర చాలా బోర్లలో నీళ్లు ఉప్పగా ఉంటాయి, జుట్టు బిరుసెక్కుతుంది. కుళాయి నీళ్లు పట్టి ఉంచుకోండి. చల్లటి నీళ్లు, సల్ఫేట్ లేని షాంపూ. పిండకుండా తువ్వాలుతో అద్ది, నీడలో స్టాండు మీద ఆరబెట్టి, చివర్ల నుంచి పైకి చిక్కు తీయాలి. మన చెమటకు వేసవిలో వారానికోసారైనా కడగాల్సిందే.

నాది ముప్పై వేల పైచిలుకు పడింది. అంత పెట్టలేకపోతే అప్పు చేయకండి. మోనో నడినెత్తి, లేస్ అంచు ఉన్న పొట్టి సింథటిక్ ఒకటి తీసుకుని, వంటింట్లో కాటన్ స్కార్ఫ్ కట్టుకోండి. ఇంట్లో నేనూ అంతే. కొనే ముందు మాత్రం ఆ షాపువాళ్లను బయటికి పెట్టుకెళ్లనివ్వమని అడగండి. బ్యాగు కౌంటర్ మీద పెట్టినా ఒప్పుకోకపోతే అక్కడ కొనకండి.