మర అంటే స్క్రూనా, మిషనా?

సందేహం: సింధియాలోని షిప్‌యార్డులో ఓడల పనిచేసి రిటైరయ్యాను. రెండు ప్రొపెల్లర్లున్న ఓడను మేము ‘ట్విన్ స్క్రూ’ అనేవాళ్లం. మొన్న మా మనవడు నిఘంటువు తీసి, స్క్రూని తెలుగులో ‘మర’ అంటారని చూపించాడు. మరి ఫిషింగ్ హార్బర్లో మరబోటు అంటే స్క్రూ ఉన్న బోటా, మిషన్ ఉన్న బోటా? మరమ్మత్తు కూడా ఈ మరలోంచి వచ్చిందేనా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: నిఘంటువు తీసి చూసిన మీ మనవడికి ముందు నా ఆశీస్సులు. వాడు చూసింది సరైనదే, కానీ అది సగమే.

మీ ఇంట్లో అటక మీద పాత మరచెంబు ఉంటే దింపించండి. మెడ చుట్టూ బయటివైపు ఒక గాడి మెలిక తిరుగుతూ కిందికి దిగుతుంది. మూత లోపలివైపు దానికి జతపడే గాడి ఉంటుంది. మూత పెట్టి తిప్పితే గాడిలో గాడి కూర్చుని బిగుసుకుంటుంది, రైల్లో చెంబు దొర్లినా నీళ్లు ఒలకవు. ఆ చెంబుకు మేకూ లేదు, మిషనూ లేదు. అయినా అది మరచెంబే, ఎందుకంటే మెలిక తిరిగిన ఆ గాడే మర. తమిళంలోనూ ‘మరై’ అంటే ఇదే. బోల్టుని వాళ్లు ‘మరైయాణి’ అంటారు. ఇంత చక్కటి మాట ఉండగా మన పిల్లలు ‘థ్రెడ్డు పోయింది’ అంటుంటే నాకు బాధగా ఉంటుంది. ‘మర అరిగిపోయింది’ అనడానికి నోరు రాదా?

ఇక వ్యుత్పత్తి. మరలు అనే క్రియ ఉంది కదా, తిరుగు, వెనక్కి తిరుగు అని దాని అర్థం. ‘మరలి వచ్చాడు’ అంటాం. రోజుకు వందసార్లు వాడే ‘మళ్లీ’ ఈ ‘మరలి’కి మారు రూపమే. మరల, మర్ల, మళ్ల అని వరసగా అనుకుని చూడండి, నోట్లో రేఫ ఎలా కరిగిపోయిందో తెలుస్తుంది. చూపు మరల్చడం, పశువుల్ని మళ్లించడం, దారి మళ్లడం, పొద్దు వాలాక వయసు మళ్లినట్టు చెప్పుకోవడం, అన్నింటిలోనూ ఉన్నది తిరగడమే. తిరిగి తిరిగి బిగిసే మరకూ ఈ మరలుకూ చుట్టరికం ఉందనే నా నమ్మకం. ధ్వని, అర్థం రెండూ కలుస్తున్నాయి. అయినా తీర్పుగా కాక ఊహగానే చెబుతున్నాను. తిప్పితే పనిచేసే భాగానికి ఉన్న పేరు మెల్లగా సాధనం మొత్తానికి పాకింది. అలా మరమగ్గం, మరతుపాకి, మరమనిషి వచ్చాయి. పిండి మర పట్టించుకొస్తాం. దంపుడు బియ్యం వేరు, మర బియ్యం వేరు. వీటిలో మర అంటే యంత్రమే.

ఇంగ్లీషు స్క్రూ దారి వేరు. అది పాత ఫ్రెంచిలోంచి వచ్చింది, అక్కడ నట్టుకు పేరు. దాన్ని లాటిన్లో ఆడపందికి ఉన్న మాటతో ముడిపెట్టే పండితులున్నారు, తోక మెలికను చూసి కాబోలు. పిసినారి అనే అర్థం కూడా ఉంది, అది మనకు అక్కర్లేదు.

ఓడకు స్క్రూ ఎందుకంటారో మీ మనవడికి ఇలా చెప్పండి. ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే ఇంగ్లీషు ఆయన 1836లో ప్రొపెల్లరుకు పేటెంటు పొందాడు. అది అచ్చంగా రెండు చుట్లు తిరిగిన చెక్క మర. 1837లో లండన్ దగ్గర కాలువలో పడవకు కట్టి నడుపుతుంటే సగం విరిగిపోయింది. ఆగిపోవాల్సిన పడవ ఇంకా వేగంగా పోయింది! అలా చుట్లు తగ్గాయి, ఇప్పుడు రెక్కలే మిగిలాయి. రూపం మారినా పేరు నిలిచింది. మేకు మరకూ ప్రొపెల్లరుకూ ‘పిచ్’, అంటే ఒక చుట్టు తిరిగితే ఎంత ముందుకు జరుగుతుందన్నది, ఒకటే లెక్క అని మీకు నేను చెప్పాలా?

మరబోటులోని మర మాత్రం స్క్రూ కాదు, యంత్రం. తెడ్డుతోనో తెరచాపతోనో కాక ఇంజన్‌తో నడిచేది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపినప్పుడు పేపర్లు ‘మెకనైజ్డ్ బోట్లు’ అని అచ్చేస్తున్నాయి. హార్బర్లో అందరి నోటా ఉన్న మాటను అచ్చులో తీసేయడం ఏం పద్ధతి? ఒక్క చిక్కుంది. ప్రభుత్వం లెక్కల్లో మెకనైజ్డ్ వేరు, చిన్న పడవకు మోటారు తగిలించిన మోటరైజ్డ్ వేరు. మొదటిదానికి మరబోటు ఉంచి, రెండోదాన్ని ఇంజన్ పడవ అంటే సరిపోతుందేమో.

స్క్రూని కొట్టులో స్క్రూ అనే అడగండి, తప్పు లేదు. రాసేటప్పుడు మరమేకు, మరసీల అనండి. ఉత్త ‘మర’ అని రాస్తే చదివేవాడు యంత్రం అనుకోవచ్చు.

మరమ్మతుకు ఈ మరతో ఏ సంబంధమూ లేదు. మర పాడైతే చేసేది మరమ్మత్తు అని కొందరు బడుల్లో కూడా చెబుతున్నారు, అలా చెప్పకూడదు. అది అరబ్బీ మాట, పారశీకం మీదుగా వచ్చింది, బాగుచేయడం అని అర్థం. ఇల్లు, చెరువుగట్టు, చెప్పు, వేటికైనా మరమ్మతే కదా, వాటిలో మర ఎక్కడుంది? మూలంలో తకారం ఒకటే కాబట్టి నేను ‘మరమ్మతు’ అని రాస్తాను. వాడుకలో ఒత్తు స్థిరపడింది గనక మీలా రాసినవారిని తప్పుపట్టను.