పగడాల తొట్టెకు అమ్మే సీసాలు: లేబుల్ మాటలకు రుజువు ఎక్కడ?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా ఇంట్లో 200 లీటర్ల సముద్రపు నీటి అక్వేరియం ఉంది. అందులో జోయాంథిడ్లు (గుంపులుగా పెరిగే మెత్తటి పగడపు రకం), మష్రూమ్ పగడాలు, ఒక లెదర్ పగడం పెంచుతున్నాము. మే నెలలో అవి రంగు వెలిసి ముడుచుకుపోయాయి. దుకాణదారు సలహా మీద జూన్‌లో 250 మిల్లీలీటర్ల సీసా ఒకటి 1,800 రూపాయలకు కొని, లేబుల్ మీద చెప్పినట్టు వారానికి 100 లీటర్లకు 5 మిల్లీలీటర్ల చొప్పున పోస్తున్నాను. జులై చివరికి రంగు తిరిగి వచ్చింది. ఎదుగుదల రెట్టింపవుతుందని, పోయిన రంగు తిరిగి వస్తుందని, నీళ్లు మార్చే పనే ఉండదని సీసా మీద రాశారు. లోపలి పదార్థాల దగ్గర మాత్రం కాల్షియం 1 శాతం, అరుదైన ఖనిజాలు, అమైనో ఆమ్లాలు అని ముక్తసరిగా ఉంది. నాకైతే పని చేసినట్టే కనిపిస్తోంది. ఇక నీళ్లు మార్చడం మానేయవచ్చా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: నీళ్లు మార్చడం దయచేసి మానవద్దు. సీసా విషయానికి వచ్చేముందు మీరు రాసిన నెలలను ఒకసారి చూడండి. మే నెలలో విజయవాడలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే కాబట్టి, చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) లేని తొట్టెలో లైట్ల వేడి, మోటార్ల వేడి కూడా తోడై నీరు 30 డిగ్రీల పైకి తేలికగా చేరుతుంది. పగడాల ఒంట్లోనే నివసిస్తూ వాటికి ఆహారం తయారు చేసి పెట్టే సూక్ష్మ శైవలాలు అంతటి వేడిలో వారాల తరబడి నిలవలేవు. పగడం వాటిని బయటికి వదిలేస్తుంది, దానితోపాటే రంగూ పోతుంది. ఈలోగా పగడం చనిపోకుండా ఉంటే, నీరు చల్లబడిన తర్వాత ఒంట్లో మిగిలిన శైవలాలు మళ్లీ పెరిగి రంగు క్రమంగా తిరిగి వస్తుంది. వానలు మొదలై నీరు చల్లబడిన రోజులు, మీరు సీసా మొదలుపెట్టిన రోజులు ఒకటే అయ్యాయి. మీ జాబులో నీటి ఉష్ణోగ్రత ఎక్కడా లేదు కనుక వేడే కారణమని నేను ఒట్టు వేసి చెప్పలేను గాని, సీసా పోయకపోయినా ఇదే జరిగి ఉండేదనడానికి బలమైన ఆధారం ఉంది, సీసా వల్లనే జరిగిందనడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు.

ఇప్పుడు లేబుల్ మీద ఉన్న ఒకే ఒక్క అంకెను పట్టుకుందాము. 1 శాతం అంటే ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల కాల్షియం. మీరు వారానికి పోసే 10 మిల్లీలీటర్లలో ఉన్నది 100 మిల్లీగ్రాములు. దానిని 200 లీటర్లకు పంచితే లీటరుకు అర మిల్లీగ్రాము వస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 420 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మనకు దొరికే టెస్ట్ కిట్లు 5, 10 మిల్లీగ్రాముల మెట్లలో చదువుతాయి కాబట్టి, ఈ అర మిల్లీగ్రాము పెరిగిందో లేదో మీరు కొలిచి చూడాలన్నా వీలు పడదు. అదే మీరు వారానికి 20 లీటర్ల నీరు తీసి, అక్వేరియం కోసం అమ్మే మంచి సముద్రపు ఉప్పు కలిపిన కొత్త నీరు పోశారనుకోండి: తొట్టెలో కాల్షియం 400కు తగ్గి, కొత్త నీటిలో 420 ఉన్నా, ఆ ఒక్క మార్పుతో లీటరుకు 2 మిల్లీగ్రాములు పెరుగుతుంది. అంటే నీళ్ల మార్పును అనవసరం చేస్తానంటున్న సీసా ఇచ్చేదానికి అది నాలుగు రెట్లు.

పైగా ఆ కాల్షియం మీ పగడాలకు పెద్దగా పనికి వచ్చేది కాదు. జోయాంథిడ్లకు, మష్రూమ్ పగడాలకు రాతి అస్థిపంజరం ఉండదు. లెదర్ పగడం ఒంట్లో సున్నపు పలుకులు ఉన్నా అవి చాలా చిన్నవి. నీటిలోని కాల్షియాన్ని, ఆల్కలినిటీని (ఆమ్లాన్ని తట్టుకునే క్షార గుణాన్ని) రోజూ గుంజుకునేవి గట్టి రాతి గూడు కట్టుకునే పగడాలు. మీ తొట్టెలో అవి లేవు. అస్థిపంజరమే లేని జీవికి అస్థిపంజరం పెంచే మందు అమ్మిన దుకాణదారు, అమ్మేముందు మీ తొట్టెలో ఏమున్నాయో అడిగి ఉండవలసింది.

అమైనో ఆమ్లాల సంగతి మరొకటి. పగడాలు వాటిని నీటి నుంచి పీల్చుకోగలవన్నది నిజమే. కానీ పీల్చుకోగలగడం వేరు, ఈ సీసాలోని మోతాదుతో ఎదుగుదల రెట్టింపు కావడం వేరు. మొదటిది నిజం కనుక రెండోది కూడా నిజమేనన్నట్టు రాయడం ఈ వ్యాపారంలో తరచుగా కనిపించే పద్ధతి, నన్ను అన్నిటికన్నా బాధించేది కూడా అదే. అమైనో ఆమ్లాలలో నత్రజని ఉంటుంది. పగడాలు వాడుకోనిది బాక్టీరియా పాలై అమ్మోనియాగా, చివరికి నైట్రేట్‌గా మారుతుంది. పేరుకుపోయే నైట్రేట్‌ను, ఫాస్ఫేట్‌ను బయటికి పంపే సులువైన దారి నీళ్లు మార్చడమే. ఆ దారిని మూయమని చెబుతున్న సీసాయే నీటిలో నత్రజని కలుపుతోంది.

నిజంగా పరీక్షించాలనుకుంటే ఒకే జోయాంథిడ్ గుంపు నుంచి ముక్కలు తీసి, ఒకే నీరు, ఒకే లైటు, ఒకే ఉష్ణోగ్రత ఉన్న రెండు చిన్న తొట్టెలలో పెట్టండి. ఒకదానిలో సీసా మందు, రెండోదానిలో అంతే కొలత శుద్ధమైన నీరు పోసి, కొన్ని నెలల పాటు వారానికోసారి పాలిప్‌లను (గుంపులోని ఒక్కో చిన్న జీవిని) లెక్కపెట్టండి. ఏ తొట్టెలో ఏది పోస్తున్నారో లెక్కపెట్టేవారికి తెలియకపోతే ఇంకా మంచిది. ఇంట్లో ఒక్కసారి చేసిన పరీక్షతో ఏదీ తేలిపోదు గాని, తయారీదారు కనీసం ఈపాటి పరీక్ష, ఇంకా ఎక్కువ తొట్టెలతో, చేసి చూపకుండా రెట్టింపు అనే మాట వాడకూడదు. ముందూ తరువాతా అంటూ వేసే ఫోటోలు దీనికి బదులు కావు. నీలి లైటు కాస్త పెంచితే వెలిసిన పగడం కూడా మెరుస్తూ కనిపిస్తుంది.

ఇంతకీ, సీసాలన్నీ వట్టివని నా ఉద్దేశం కాదు. రాతి పగడాలు పెరిగే తొట్టెలో కాల్షియం, ఆల్కలినిటీ, మెగ్నీషియం తగ్గుతాయని, వాటిని తిరిగి ఇవ్వాలని రసాయన శాస్త్రమే చెబుతుంది. వీటిని కొలవవచ్చు, కొలిచి పోయవచ్చు. అందుకు వాడేవి కాల్షియం క్లోరైడ్, వంట సోడా వంటి మామూలు పదార్థాలే. 100 లీటర్ల నీటిలో ఆల్కలినిటీని 1 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం) పెంచడానికి సుమారు 3 గ్రాముల వంట సోడా సరిపోతుంది. దానిని శుద్ధమైన నీటిలో కరిగించి మెల్లగా పోయాలి, రోజుకు 1 డీకేహెచ్ మించి పెంచకూడదు. ఇదే పదార్థం రంగుల లేబుల్‌తో ఎంత ధరకు వస్తోందో మీరే పోల్చుకోండి. రాతి పగడాలు తెచ్చుకునే ఆలోచన ఉంటే మాత్రం ఒక మాట గుర్తుంచుకోవాలి: మన సముద్రాలలోని రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలు రక్షణలో ఉన్నాయి. మన్నారు సింధుశాఖ నుంచి గాని, అండమాన్ నుంచి గాని తెచ్చామని ఎవరైనా ఇస్తే తీసుకోవడం నేరమవుతుంది.

ప్రశ్న: స్ట్రాన్షియం, అయోడిన్, ఇంకా పలు అరుదైన ఖనిజాలు కలిపిన మందు వాడితే పగడాలు, రొయ్యలు బాగుంటాయని మా దుకాణదారు చెబుతున్నారు. రేపల్లె, బాపట్ల వైపు వనామీ చెరువుల్లో కూడా మినరల్స్ చల్లుతారు కదా అని ఉదాహరణ చూపిస్తున్నారు. నమ్మవచ్చా? నీటికి ఇంట్లోని ఆర్‌ఓ ప్యూరిఫయర్‌నే వాడుతున్నాను.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చెరువుల ఉదాహరణ మీ తొట్టెకు వర్తించదు. ఉప్పదనం తక్కువగా ఉండే బోరు నీటిలో వనామీని పెంచినప్పుడు, సముద్రపు నీటితో పోలిస్తే పొటాషియం, మెగ్నీషియం పాళ్లు తగ్గుతాయి. ఆ లోటు కొలతలో కనబడుతుంది, రొయ్య బతుకులోనూ కనబడుతుంది, కనుక రైతు మినరల్స్ చల్లడంలో అర్థం ఉంది. లీటరుకు 35 గ్రాముల ఉప్పదనం వచ్చేలా మంచి సముద్రపు ఉప్పు కలిపిన మీ తొట్టెలో ఆ లోటు మొదటి నుంచీ లేదు. లోటు ఉన్నచోట మందైనది లోటు లేనిచోట కూడా మందేనని చెప్పడం న్యాయం కాదు.

స్ట్రాన్షియం సముద్రపు నీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పగడపు అస్థిపంజరంలో అది కనిపిస్తుంది కాబట్టి పగడానికి అది కావాలి అన్నది అమ్మేవారి వాదన. స్ట్రాన్షియం రసాయనికంగా కాల్షియానికి దగ్గరి చుట్టం. గూడు కట్టుకునేటప్పుడు కాల్షియంతోపాటు అదీ లోపలికి చేరిపోతుంది. గూటిలో దొరికినంత మాత్రాన అవసరమని రుజువైనట్టు కాదు. అయోడిన్ అయితే లీటరుకు 0.06 మిల్లీగ్రాములే ఉంటుంది, అదీ ఒకటికి మించిన రూపాలలో. రొయ్య కుబుసం విడవడానికి విడిగా అయోడిన్ పోయాలన్న మాట బాగా ప్రచారంలో ఉన్నా, మంచి మేత, క్రమంగా నీళ్ల మార్పు ఉన్న తొట్టెలో అది అవసరమని ఎవరూ నిరూపించలేదు. చుక్కలు ఎక్కువైతే కలిగే హాని మాత్రం నిజమైనది. కొలవలేనిదానిని తొట్టెలో పోయవద్దు.

మీ జాబులో నన్ను నిజంగా కలవరపెట్టింది చివరి వాక్యం. ఇళ్లలో వాడే ఆర్‌ఓ ప్యూరిఫయర్లు చాలావరకు రుచి కోసం కొంత ఖనిజాలను తిరిగి నీటిలో కలుపుతాయి. కొన్ని నమూనాలు ఆరోగ్యం పేరుతో రాగిని కూడా కలుపుతున్నాయి. మనిషికి ఆ కొద్ది రాగి ఫరవాలేదు గాని, పగడాలకు, రొయ్యలకు, నత్తలకు రాగి అతి తక్కువ మోతాదులోనే విషం. మీ యంత్రం పెట్టె మీద రాగి ప్రస్తావన ఉందేమో ఈరోజే చూడండి, ఉంటే ఆ నీటిని వెంటనే ఆపండి. టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాల మొత్తం) చూపే మీటరుతో కూడా కొలవండి. తొట్టెకు వాడే నీటిలో అది సున్నాకు దగ్గరగా ఉండాలి. మీరు ఖనిజాల సీసా మీద పెట్టాలనుకున్న డబ్బును డీఐ రెజిన్ (నీటిలో మిగిలిన లవణాలను పట్టుకునే గుళికలు) ఉన్న ఫిల్టర్ మీద పెడితే మీ జీవులకు మేలు జరుగుతుంది.

ప్రశ్న: సీసా మీది మాటలు నమ్మి ఆన్‌లైన్‌లో కొన్నాను. పోసిన వారానికి పగడాలు చనిపోయాయి. అమ్మినవారు జవాబు ఇవ్వడం లేదు. ఇంత చిన్న వస్తువు మీద ఫిర్యాదు చేయవచ్చా?
– ఒక పాఠకుడు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: తప్పకుండా చేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ప్రకటన అంటే టీవీలో, పత్రికలో వచ్చేది మాత్రమే కాదు, లేబుల్, పెట్టె మీది కాగితం కూడా ప్రకటనే. వస్తువు గురించి తప్పుగా వర్ణించినా, అబద్ధపు హామీ ఇచ్చినా, ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచినా అది తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది. పరీక్షించి తేల్చగల మాట ప్రకటనలో వాడినవారు, అడిగితే దానికి ఆధారం చూపగలగాలని 2022 జూన్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇటువంటి ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు.

ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఫలితం లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా వేయవచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపు కనుక రుసుము ఉండదు. రెండేళ్ల లోపు వేయాలి. ఒక విషయం ముందే తెలుసుకోండి: ఆ మందు వల్లనే పగడాలు చనిపోయాయని నిరూపించడం కష్టం, ఎందుకంటే ఆ వారంలో ఉప్పదనం, వేడి, ఇంకేవైనా మారి ఉండవచ్చు. లేబుల్ మీద చెప్పినదానికి ఆధారం చూపలేదని, లోపలి పదార్థాల వివరం దాచారని చెప్పడం చాలా సులువు, కనుక ఫిర్యాదును ఆ మాట మీదే నిలబెట్టండి. సీసాను పారేయవద్దు, మిగిలిన మందును మూత బిగించి అలాగే ఉంచండి. లేబుల్ నాలుగు వైపులా ఫోటోలు తీయండి. అమ్మకపు పేజీ మారిపోకముందే దాని చిత్రాన్ని, బిల్లును, మీరు పంపిన సందేశాలను దాచుకోండి. తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర, తయారైన నెల, సంవత్సరం సీసా మీద లేకపోతే, ఆ సంగతిని తూనికలు, కొలతల శాఖకు కూడా విడిగా రాయండి.