డాక్టర్ సలహా: వసంతం సరే, ఆ మాత్ర ఏమిటి?

ప్రశ్న: నా వయసు 34. ఐదేళ్లుగా షికాగో దగ్గర ఉంటున్నాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏటా నవంబరు వచ్చేసరికి మనసు ముడుచుకుపోతుంది. తిండి, నిద్ర రెండూ పెరుగుతాయి. మార్చి చివర మంచు కరగగానే ఎక్కడలేని హుషారు వస్తుంది. ఇక్కడివాళ్లు దీన్ని స్ప్రింగ్ ఫీవర్ అంటారు. ఈ ఏడాది మరీ బాగుంది. మూడు వారాలుగా రాత్రి మూడు నాలుగు గంటల నిద్ర సరిపోతోంది, తెల్లవారుజామునే లేచి పాటలు రాస్తున్నాను. మన పాటల్లో వసంతం, కోయిల. ఇక్కడి పాటల్లో, సినిమాల్లో కూడా అదే వరస. ఇది నిజంగా శరీరంలో జరిగేదేనా, కవుల కల్పనా? ఈ హుషారు ఏడాది పొడవునా ఉండాలంటే ఏ విటమిన్లు వాడాలి? డిసెంబరులో దిగులుగా ఉందంటే మా అక్క ఊరి నుంచి ఒక మాత్ర పంపింది. రోజూ వేసుకుంటున్నాను, ఇబ్బందేమీ లేదు. మా ఆవిడ మాత్రం నేను ఆగకుండా మాట్లాడుతున్నానని, ఖర్చు ఎక్కువైందని అంటోంది. రెండు సైకిళ్లు కొన్నాను, ఇంకో ఇంటికి అడ్వాన్సు ఇద్దామనుకుంటున్నాను, అంతే.
– ఒక పాఠకుడు, ఇల్లినాయి

జవాబు: మీ ఉత్తరం పొద్దున ఓపీలో ఇద్దరు పేషెంట్ల మధ్య చదివాను. కోయిల, మంచు, పాటలు అన్నీ బాగున్నాయనిపించింది. సాయంత్రం మళ్లీ చదివితే రెండుచోట్ల ఆగిపోయాను. ఒకటి, మాత్ర. రెండోది, ‘మా ఆవిడ మాత్రం’ అని మొదలుపెట్టిన వాక్యం. మీరు అడిగినవాటి సంగతి తర్వాత చూద్దాం.

ఆ మాత్ర పేరేమిటి? ఎన్ని మిల్లీగ్రాములు? ఎవరు రాశారు, అసలు ఎవరికి రాశారు? మీ ఉత్తరంలో కోయిలకు చోటు దొరికింది కానీ మందు పేరుకు దొరకలేదు. ఊహించి చెప్పడం నాకు ఇష్టం ఉండదు. అయినా దిగులుకని మన ఇళ్లలో చేతులు మారే మాత్రల్లో ఎస్సిటాలోప్రామ్ ముందుంటుంది. చాలాసార్లు దానిలోనే ఆందోళన తగ్గించి మత్తు తెప్పించే క్లోనాజిపామ్ కూడా కలిపి ఉంటుంది. రెండూ డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడనివే. అమ్ముతున్నారు, మనవాళ్లు కొంటున్నారు, సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కన సర్ది పంపుతున్నారు. క్లోనాజిపామ్ అమెరికాలో నియంత్రిత మందుల జాబితాలో ఉంది. అక్కడి డాక్టర్ రాయకుండా ఇంటి నుంచి తెప్పించుకుంటే ఆరోగ్యంతో పాటు చట్టంతో కూడా చిక్కే.

ఎస్సిటాలోప్రామ్ చెడ్డ మందని కాదు. నేను రోజూ రాసేదే. కానీ రాసే ముందు ఒక ప్రశ్న తప్పనిసరిగా అడుగుతాను: ‘దిగులు సంగతి సరే, ఎప్పుడైనా దానికి పూర్తిగా తిరగబడి, నిద్ర అవసరం లేనంత హుషారుగా కొన్ని రోజులు ఉన్నారా?’ ఎందుకంటే డిప్రెషన్ లాగా కనిపించేది కొందరిలో, మనసు దిగులుకూ అతి హుషారుకూ మధ్య ఊగే బైపోలార్ డిజార్డర్‌లోని ఒక దశ కావచ్చు. అలాంటివారికి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే మనసు దిగులులోంచి లేచి మామూలు స్థాయి దగ్గర ఆగకుండా, పైకి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. ఆ స్థితిని తీవ్రతను బట్టి హైపోమేనియా అనో, మేనియా అనో అంటాం. నిద్ర తగ్గడం, ఆగని మాటలు, ఒకదాని వెంట ఒకటిగా ఆలోచనలు, చేయి ఆగని ఖర్చు, పెద్ద పెద్ద పథకాలు దాని లక్షణాలు. నాలుగు రోజులు ఇలా సాగితేనే మేం హైపోమేనియా గురించి ఆలోచిస్తాం. మీకు మూడు వారాలైంది. పైగా మేనియాతో ఆసుపత్రికి వచ్చేవాళ్లు వసంతంలో, వేసవిలో పెరుగుతారని చాలా దేశాల్లో గమనించారు. మీ విషయంలో రుతువు, మందు రెండూ ఒకేసారి ఒకే దిక్కుకు నెడుతున్నాయేమోనని నా అనుమానం.

ఇది అనుమానమే. ఉత్తరం చూసి రోగ నిర్ధారణ చేయను, ఎవరూ చేయకూడదు. మీకు బైపోలార్ ఉందని నేను చెప్పినట్టు అక్కయ్యకు ఫోను చేయకండి.

నిద్ర పట్టక బాధపడేవాళ్లు నా దగ్గరికి రోజూ వస్తారు. నిద్ర అక్కర్లేదని సంతోషపడేవాళ్లు వాళ్లంతట వాళ్లు రారు, ఎవరో ఒకరు తీసుకొస్తారు. తీసుకొచ్చేది చాలావరకు భార్యో, తల్లో, గదిలో కలిసి ఉండే స్నేహితుడో. హుషారుగా ఉన్న మనిషికి తన హుషారు జబ్బులా కనిపించదు. చిత్రమేమిటంటే, అది అందరికంటే ముందు పక్కవాళ్లకే తెలుస్తుంది. అందుకే మీరు ‘అంతే’ అని తేల్చేసిన ఆ సైకిళ్లు, ఇల్లు నాకు రక్తపరీక్షతో సమానం. ఒక మనిషికి రెండు సైకిళ్లు ఎందుకండీ?

ఈ మాత్రల విషయంలో నేను కాస్త అతిగా మాట్లాడతానని మా నర్సులు అంటారు. కారణం చెబుతాను. ఈమధ్య ఒకామె తమ్ముడిని వెంటబెట్టుకుని వచ్చింది. వారం రోజులుగా ఆ అబ్బాయికి సరిగ్గా నిద్ర లేదు, గొంతు బొంగురుపోయేంతగా మాట్లాడుతున్నాడు. ఏం మందు వాడుతున్నాడని అడిగితే ఆమె చేతిరుమాలు ముడి విప్పి మూడు మాత్రలున్న రేకు ముక్క బల్ల మీద పెట్టింది. మెడికల్ షాపులో పది మాత్రల షీటును కత్తెరతో ముక్కలు చేసి ఇస్తారు కదా, ఇది మధ్య ముక్క. మందు పేరు ఒకరింటికి, గడువు తేదీ ఇంకొకరింటికి పోయాయి. మాకు మిగిలింది వెండిరంగు రేకు మీద ‘ప్రామ్’ అనే తోక. ఆ తోకను పట్టుకుని మందు ఏదో తేల్చడానికి ఒక పూట పట్టింది. అది వాళ్ల వదినకు రాసిన మాత్ర. వదినకు పనిచేసిందట. వదిన చీర మరదలికి నప్పవచ్చు, మాత్ర అలా నప్పదు.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. ఇది చదివి భయపడి రేపటి నుంచి మాత్ర మీకు మీరే మానేయకండి. ఎస్సిటాలోప్రామ్ ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, ఒంట్లో కరెంటు తగిలినట్టు జిల్లుమనడం ఉండవచ్చు. క్లోనాజిపామ్ నెలల తరబడి వాడి హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. అలాగని ఇలాగే కొనసాగించడమూ మంచిది కాదు. ఆపాలా, తగ్గించాలా, ఎంత త్వరగా అన్నది మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసే డాక్టరు చెప్పాలి. అందుకే ఈ వారంలోనే డాక్టరును కలవమంటున్నాను. అక్కడ సైకియాట్రిస్టు అపాయింట్‌మెంట్‌కు వారాలు పడుతుందంటారు, తెలుసు. ముందు మీ ఫ్యామిలీ డాక్టర్‌కు ఫోను చేసి, ‘డిప్రెషన్ మందు మొదలుపెట్టాక నిద్ర మూడు గంటలకు పడిపోయింది’ అని ఈ ముక్క చెప్పండి. త్వరగా చూస్తారు. వసంతం, హుషారు అని మొదలుపెడితే మేలో రమ్మంటారు.

వాళ్లు మరికొన్ని వెతుకుతారు, వెతకాలి కూడా. థైరాయిడ్ ఎక్కువైతే నిద్ర తగ్గుతుంది, గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, మనిషి చురుగ్గా కనిపిస్తాడు. ఒక టీఎస్‌హెచ్ పరీక్షతో తెలిసిపోయే విషయం. వసంతంలో మీ దగ్గర చెట్ల పుప్పొడి ఎక్కువ. తుమ్ములకని సూడోఎఫెడ్రిన్ కలిసిన అలర్జీ మాత్రలు వాడుతుంటే వాటితో కూడా నిద్ర చెదురుతుంది. అలర్జీకి, ఆస్తమాకు ఇచ్చే మాంటెలుకాస్ట్ వాడేవారిలో మానసిక మార్పులు రావచ్చని అమెరికా ఔషధ సంస్థ 2020లో ఆ మందుకు అత్యంత తీవ్రమైన హెచ్చరిక జోడించింది. అశ్వగంధ ‘మన మందే కదా’ అని వాడుతుంటే అదీ చెప్పండి, కొందరిలో థైరాయిడ్ హార్మోన్లను పెంచుతుంది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. రేకును ముక్కలతో సహా తీసుకెళ్లండి.

ఇంకొకటి మీ అమ్మగారినో అక్కనో అడగాల్సింది. మన ఇళ్లలో ‘మీ మేనమామ కొన్నాళ్లు మనిషి మనిషిలా లేడు, తర్వాత సర్దుకున్నాడు’ అనే కథ ఒకటి ఉంటుంది. గాలి సోకిందనో, పెళ్లయ్యాక కుదుటపడ్డాడనో చెప్పి ఊరుకుంటారు. మీ ఇంట్లో అలాంటిది ఉంటే మీ డాక్టరుకు అది చాలా విలువైన సమాచారం.

సరే, మీ వసంతానికి వద్దాం. శరీరంలో జరిగేది కొంత ఉంది. హైదరాబాద్‌లో ఏడాదిలో అతి చిన్న పగలు సుమారు 11 గంటలు, అతి పెద్దది 13 గంటల పైచిలుకు. తేడా రెండు గంటలే. షికాగోలో అదే తొమ్మిది గంటల నుంచి పదిహేను గంటల దాకా మారుతుంది. మార్చి చివరి వారాల్లో అక్కడ పగలు రోజుకు దాదాపు మూడు నిమిషాల చొప్పున పెరుగుతుంది. కంటిలో పడే వెలుతురు మెదడులోని గడియారాన్ని, రాత్రిపూట విడుదలయ్యే నిద్ర హార్మోన్ మెలటోనిన్‌ను మారుస్తుంది. మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరపడం దీనికి అదనం. చలికాలపు దిగులును 1984లో ఒక జబ్బుగా వర్ణించిన వైద్యుడు నార్మన్ రోసెంతాల్ దక్షిణాఫ్రికా ఎండల్లో పెరిగి న్యూయార్క్ వచ్చాక, శీతాకాలంలో తన ఉత్సాహమే తగ్గడం గమనించినవాడు. మీ నవంబరు కష్టం నాకు అబద్ధంగా తోచడం లేదు. దానికి వైద్యం ఉంది, ఉదయం అరగంట 10,000 లక్స్ దీపం ముందు కూర్చోవడం అందులో ఒకటి. అయితే బైపోలార్ అనుమానం ఉన్నప్పుడు ఆ దీపం కూడా డాక్టరు చెప్పాకే. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది కదా అని సైకిళ్ల పక్కన మూడో వస్తువుగా చేర్చకండి.

మిగతాదంతా మనుషులు కట్టుకున్నదే, అందంగా కట్టుకున్నారు. చలిదేశాల్లో ఒకప్పుడు వసంత జ్వరమంటే, అదే మీ స్ప్రింగ్ ఫీవర్ అంటే, ఉత్సాహం కాదు. శీతాకాలమంతా ఆకుకూరలు లేక, విటమిన్ సి తగ్గి, కాళ్లు బలహీనపడి చిగుళ్ల నుంచి రక్తం కారే స్థితికి పెట్టుకున్న పేరు. తర్వాతి కాలంలో అదే మాట ఎందుకో తెలియని ఆరాటానికి మారింది. 1945 సినిమాలకు ఉత్తమ గీతంగా ఆస్కార్ అందుకున్న పాటలో నాయిక తనకు వసంత జ్వరమేమో అనుకుని, ఇది వసంతమే కాదు కదా అని తెల్లబోతుంది. ఆమెకు ఎన్ని గంటల నిద్ర పడుతోందో పాటలో చెప్పలేదు. జర్మన్లు ఇదే కాలంలో ఒళ్లు బద్ధకిస్తుందని, వసంతపు అలసట అని ఏకంగా ఒక పదమే పెట్టుకున్నారు. మన సంప్రదాయంలో వసంతుడు మన్మథుడి చెలికాడు. కొండవీటి కుమారగిరి రెడ్డి వసంతోత్సవాల వైభవానికి కర్పూర వసంతరాయలనే బిరుదే పుట్టింది. అయితే మన చైత్రంలో వేపపువ్వు రాలేసరికి ఎండ మండిపోతుంటుంది. మీకు మంచు కరగడం, మాకు కుండ కొనుక్కోవడం. ఒకే రుతువుకు ఇన్ని రకాల ఒళ్లు ఉన్నాయంటే, పాటను చూసి ఒంటిని అర్థం చేసుకోవడం ఎంత కష్టమో చూడండి.

వసంతంలో మనసు తేలికగా ఉంటే, ఒక గంట నిద్ర తగ్గితే, సాయంత్రం నడకకు వెళ్లాలనిపిస్తే దానికి డాక్టరు అక్కర్లేదు. మీది ఆ గీత దాటినట్టుంది. చెప్పక తప్పని మాట మరొకటి ఉంది: యూరప్ లెక్కల్లో 19వ శతాబ్దం నుంచీ ఆత్మహత్యలు నడిశీతాకాలంలో కంటే వసంతంలో, వేసవి మొదట్లో ఎక్కువ. ఎగిరిన మనసు దిగేటప్పుడు గట్టిగా దిగుతుంది. బతకాలని లేదన్న ఆలోచన ఏ క్షణమైనా వస్తే ఫోను చేయడానికి మీకు అక్కడ 988 సహాయ నంబరు ఉంది, ఇక్కడి పాఠకులకు టెలీ మానస్ 14416. వరసగా రెండు రాత్రులు అసలు నిద్రే లేకపోయినా, ఎవరికీ వినిపించని మాటలు వినిపించినా, కారు వేగం చూసి మీ ఆవిడ భయపడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. వీసాకు, ఉద్యోగానికి ఇబ్బందేమోనని మనవాళ్లు దాస్తారు. దాచి ముదరబెట్టుకున్నవాళ్లకు వచ్చిన ఇబ్బందే నేను ఎక్కువ చూశాను.

విటమిన్లు అడిగారు. రక్తపరీక్షలో డి విటమిన్ తక్కువని వస్తే డాక్టరు రాస్తారు. హుషారును నిలబెట్టే విటమిన్ నా దగ్గర లేదు.

డాక్టర్ దగ్గరికి మీ ఆవిడను తప్పకుండా తీసుకెళ్లండి. లోపల ముందు ఆవిడనే మాట్లాడనివ్వండి, మధ్యలో అందుకోకండి. కాఫీ మధ్యాహ్నం తర్వాత వద్దు, రాత్రి పదింటికి దీపాలు ఆర్పేయండి, నిద్ర రాకపోయినా మంచం మీదే ఉండండి. పాటలు పగలు రాసుకోవచ్చు. ఇంటి అడ్వాన్సు చెక్కు ఇంకా ఇవ్వకపోతే ఆ చెక్కుబుక్కు కొన్నాళ్లు ఆవిడ దగ్గరే ఉండనివ్వండి. ఇచ్చేసి ఉంటే, వెనక్కి తీసుకునే గడువు ఎప్పటిదాకా ఉందో రేపు పొద్దున్నే అడగండి.